చిటికెన వేలు మోసిన పాట

జబ్బు తగ్గింది. కోపం తగ్గలేదు. అది కూడా తగ్గాకే రాద్దామని నాలుగేళ్లు ఆగాను. ఇక తగ్గేలా లేదు కాబట్టి కోపంతోనే రాస్తున్నాను. జబ్బు పేరు మొదట్లోనే చెప్పేస్తాను. ఆ పేరు నోట రాక దాటేసినవాళ్ల వల్లే నాకీ గతి పట్టింది, ఆ దాటేసినవాళ్లలో నేనూ ఉన్నాను. కుష్టు. మా వైపు పల్లెల్లో పెద్దరోగం అంటారు. నాలాంటి చిన్న మనిషికి జీవితంలో పెద్దదంటూ వచ్చింది అదొక్కటే.

పాల్వంచ నుంచి బస్సులో గంట ప్రయాణం దూరంలో, అడవి కొట్టి కట్టిన ఒక కంపెనీ కాలనీలో మేముంటాం. కంపెనీ పేరు రాయను. జీతం ఇంకా అక్కడే తీసుకుంటున్నాను. ఇన్‌స్ట్రుమెంట్ సెక్షన్‌లో ఇంజనీర్ని. పొద్దంతా మీటర్లు, సాయంత్రమైతే మెట్లు. మెట్లంటే పియానో మెట్లు. ఫ్యాక్టరీ కట్టిన కొత్తలో యంత్రాలు బిగించడానికి వచ్చిన విదేశీ ఇంజనీర్లు క్లబ్బులోకి ఒక పియానో తెప్పించుకున్నారు. పోతూ పోతూ మోయలేక వదిలేశారు. వాళ్లలో ఒకాయన భార్య కాలనీలో పొద్దుపోక నాకు రెండేళ్లు పాఠాలు చెప్పింది. మధిరలో మా ఇంట్లో చిన్నప్పుడు హార్మోనియం నొక్కిన చెయ్యి కాబట్టి భయం లేకుండా నేర్చుకున్నాను. నాకు ఏడు పాటలు వచ్చు. అందులో ఆరు రావు.

వచ్చిన ఆ ఒక్కటి రెండువందల యాభై ఏళ్ల కిందటి ఇటలీ భాష సంగీత నాటకంలోది. ఆమె అట్ట ఊడిన పుస్తకంలోంచి నాలుగు కాగితాలు నాకిచ్చి వెళ్లింది. ఆ నాటకాల్లో మన పద్యనాటకాల్లాగే మనిషి చావబోతూ కూడా పాడతాడు. ఇందులో ఒక రాణి, మాట తప్పినవాణ్ని నాలుగు దులుపుదామని బయల్దేరుతుంది. మొదటి భాగమంతా దుఃఖం. రెండో భాగంలో తిట్లు. తర్వాత కథ మళ్లీ మొదటికొస్తుంది. ఆ పాటల కట్టుబాటే అంత, మొదటి భాగం తిరిగి పాడాలి. కాకపోతే రెండోసారి ఉన్నదున్నట్టు పాడకూడదు. తిట్టి వచ్చిన మనిషి గొంతు మునుపటిలా ఉండదు కదా, అందుకని అక్కడ ఎవరి గమకాలు వాళ్లు కలుపుకోవచ్చు. ఎడమ చెయ్యి పక్కన నడిచే చుట్టంలా నిదానంగా నడుస్తుంది. కుడిచేతిలో కింది వేళ్లు ఖాళీలు పూరిస్తాయి. అసలు పాటంతా పైన, చిటికెన వేలి మీద ఉంటుంది. ఒక్క స్వరం నొక్కి, అది గాలిలో సన్నబడుతుంటే వినడం కోసం నేను సాయంత్రాలు, ఆదివారాలు, లలిత ఓపిక, అన్నీ ఖర్చు పెట్టాను. లలిత నా భార్య. ఆమె ఆ రాణిని సవతి అనేది.

1984 వానాకాలం.

పాట పలచబడింది. పై స్వరాలు సరిగ్గా పలకడం లేదు. కొన్ని అసలే పలకడం లేదు. మా వృత్తిలో మొదటి సూత్రం ఒకటుంది: రీడింగ్ తేడాగా వస్తే ముందు మీటర్ని అనుమానించు. పదిహేనేళ్లు కుర్రాళ్లకు ఇదే నేర్పాను. కాబట్టి పియానోని అనుమానించాను. వానలకు చెక్క ఉబ్బిందనుకుని మెట్లు ఊడదీసి ఎండబెట్టాను. లోపల సుత్తులకు అంటించిన ఉన్నిని చెదలు తిన్నదనుకుని ఇంట్లో ఎర్ర కంబళి కత్తిరించాను. లలిత నాలుగు రోజులు మాట్లాడలేదు. సుత్తులు మెత్తబడ్డాయేమోనని పిన్నీసుతో పొడిచి పొడిచి రెండింటిని నాశనం చేశాను. ఏడాది పాటు ఏ తప్పూ లేని పియానోకి వైద్యం చేశాను. తప్పు మీటరుది కాదు, నొక్కే వేలిదన్న అనుమానం ఒక్కసారి కూడా రాలేదు. ఇన్‌స్ట్రుమెంట్ ఇంజనీరు తప్ప ఈ భూమ్మీద ఇంకెవరూ ఇంత శ్రద్ధగా ఇంత పొరపాటు చెయ్యరు.

ఆ చలికాలంలో ఒకరోజు వేడి పైపుకి ఆ వేలు తగిలి బొబ్బ లేచింది. నేను చూసుకోనే లేదు. మా ఫోర్‌మన్ చూశాడు.

“సార్, ఏలు కాలింది గదా! నొప్పి లేదా?”

“లేదే.”

“అబ్బో, సార్‌ది ఉక్కు శరీరం!”

నేను పొంగిపోయాను. ఇంటికొచ్చి లలితకు కూడా చెప్పుకున్నాను. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే సిగ్గుతో చెవులు కాలతాయి. అక్కడ స్పర్శ బాగానే ఉంది.

1985.

కంపెనీ డాక్టరు బల్లకి అవతల కూర్చుని నా చెయ్యి చూశాడు. మంచివాడు, మర్యాదస్తుడు. మణికట్టు దాకా చూసి, “బలహీనత. పియానో కాస్త తగ్గించండి,” అని బి-కాంప్లెక్స్ సూదులు రాశాడు. ఎనిమిది నెలలు పొడిపించుకున్నాను. పియానోని నేను పొడిచాను, నన్ను కాంపౌండరు పొడిచాడు, ఇద్దరికీ గుణం కనిపించలేదు. ఆ ఎనిమిది నెలల్లో ఒక్క రోజు, ఒక్క రోజైనా ఆయన నా చొక్కా చెయ్యి పైకి జరిపి ఉంటే మోచేతి వెనక పావలా బిళ్లంత మచ్చ కనిపించేది. లలితకు కనిపించింది. ఆమె శోభి అనుకుంది, వేపనూనె రాసింది. దురద లేదు కదా అని నేను సంతోషించాను. దురద లేకపోవడమే దాని గుర్తని మాకు తెలియదు. డాక్టరుకు తెలియాలి.

1986 ఎండాకాలం.

భద్రాచలం గుడికి వెళ్లి వస్తున్నాం. అప్పటికి మోచేతిలో నరం పీకడం మొదలైంది, చిటికెన వేలు లోపలికి ఒంగుతోంది. బస్టాండులో గోడకి ఆరోగ్య శాఖవాళ్ల రేకు బోర్డు ఒకటి ఉంది, మూడు బొమ్మలతో. మచ్చ, బొబ్బ, ఒంగిన వేలు. బస్సు రాలేదు. లలిత ఆ బొమ్మల వంక చూస్తూ నిలబడిపోయింది.

“ఏవండీ, ఇటు తిరగండి.”

“బస్సొస్తది, ఆగు.”

“రానీ. తిరగండి ముందు.”

అంత జనంలో నా చొక్కా చెయ్యి మోచేతి పైకి మడిచింది. పైట పిన్నీసు తీసింది.

“గుచ్చుతా, నొప్పయితే చెప్పండి.”

“సరే, గుచ్చు.”

బస్సొచ్చే దారి చూస్తూ నిలబడ్డాను.

“గుచ్చవేం?” అన్నాను.

“గుచ్చి తీశానండీ,” అంది. ఆమె చేతిలో పిన్నీసు మొన ఎర్రగా ఉంది.

బస్సొచ్చింది, వెళ్లింది. మేం ఎక్కలేదు.

మర్నాడే గోదావరి అవతల ఒక దవాఖానాకి వెళ్లాం. అక్కడ వరండాయే వెయిటింగ్ రూము. నేను ఇస్త్రీ చొక్కాతో, అందరికీ దూరంగా చివరి బల్ల మీద కూర్చున్నాను. తెలిసినవాళ్లెవరైనా చూస్తే పేషెంట్‌ని పరామర్శించడానికి వచ్చానని చెబుదామని ఒక డజను అరటిపళ్లు కూడా కొన్నాను. ఇంత తెలివి వేలి విషయంలో చూపించి ఉంటే ఎంత బాగుండేది!

పక్కన ఒక ముసలామె వచ్చి కూర్చుంది. పేరు ముత్తమ్మ. మణుగూరు వైపు అడవిపల్లె. బీడీలు చుట్టే తునికాకు కోసి కట్టలు కట్టడం ఆమె పని. నా వేలు చూసింది.

“నీదేం పని సారూ?”

“కంపెనీలో.”

“గది గాదు. ఏళ్లతోటి ఏం జేస్తవ్?”

“వాయిస్తాను.”

“డోలా?”

“అట్లాంటిదే. ఇంకా పెద్దది.”

“పెండ్లిళ్లకా?”

“నన్నెవరూ పిలవరు.”

ఆమె పగలబడి నవ్వింది. “మరి ఎవరి కోసం వాయిస్తవయ్యా?” అంది. రాణి సంగతి ఎక్కడ మొదలుపెట్టను? ఆ వేలు పోతే పాట పోతుందని మాత్రం చెప్పాను. నా గొంతులో ఏం వినిపించిందో గాని ఆమె నవ్వడం ఆపేసింది.

“నీకు ఏలు పోతే పాట పోతది. నాకు ఏలు పోతే బువ్వ పోతది. అయినా కడుతున్న గదా.” కొంగులో నాలుగు ఆకులుంటే తీసి ఒళ్లో పెట్టుకుని, నారతో కట్టి చూపించింది. ఒంగిన వేళ్లు, అరిగిన వేళ్లు. కళ్లు ఒక్క క్షణం వాటిని విడవలేదు. “చేతికి తెలువది సారూ. కండ్లతోటి కట్టాలె. కన్ను పక్కకు పోయిందో, ఏలు తెగుద్ది.” తర్వాత ఆ కొంగులోంచే నాలుగు తునికిపళ్లు తీసి లలితకిచ్చింది. లలిత మా అరటిపళ్లన్నీ ఆమె ఒళ్లో పోసింది. ఆ దొంగ అరటిపళ్లకు అలా పుణ్యగతి పట్టింది.

లోపల డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుంది. బల్లకి ఇవతలకి వచ్చి, కుర్చీ నా పక్కన వేసుకుని పట్టుకుంది. మందుంది, తగ్గుతుంది, మొదటి మోతాదు పడ్డాక నా వల్ల ఇంకొకరికి రాదు, భార్యకు దూరంగా ఉండక్కర్లేదు అని వరసగా చెప్పింది. నేను అడిగింది ఒకటే.

“ఈ వేలు?”

“కొంత రావచ్చు. పూర్తిగా చెప్పలేను. ఏడాది ముందు వచ్చి ఉంటే...” అని ఆగింది.

నా కోపం ఆ “ఉంటే” దగ్గర పుట్టింది.

1986 వానాకాలం.

కోపానికి మనిషి కావాలి. నాకు యాకూబ్ దొరికాడు. యాకూబ్ ప్రభుత్వ కుష్టు సర్వే కార్యకర్త, ఖమ్మం మనిషి. ఏటా సైకిలు మీద వచ్చి ఊళ్లన్నీ తిరిగేవాడు. మా ఫ్యాక్టరీ లేబర్ లైన్లలో మగవాళ్లందర్నీ చొక్కాలిప్పించి ఎండలో నిలబెట్టి వీపూ భుజాలూ చూసేవాడు. ఆఫీసర్ల క్వార్టర్లకొస్తే మాత్రం వరండాలో కూర్చునేవాడు. మేం టీ ఇచ్చేవాళ్లం. అతను వాతావరణం సంగతి మాట్లాడేవాడు. “ఎవరూ లేరు” అని రాసిన కాగితం మీద ఇంటి యజమాని సంతకం పెట్టేవాడు. అది అక్కడి మర్యాద. పెద్దవాళ్లను చొక్కా విప్పమనరు.

ఇప్పుడు నా మందులు తెచ్చేదీ అతనే. మొదటి నెల గుమ్మంలోనే పట్టుకున్నాను.

“మూడేళ్లు మా ఇంట్లో టీ తాగావు. ఒక్కసారి నా చొక్కా విప్పమని ఎందుకు అడగలేదు?”

“అడిగితే ఇప్పేటోళ్లా సార్?”

“నీ ఉద్యోగం అడగడం!”

“అవ్ సార్. తప్పు నాదే. అంతకుముందు సాలు ఒక ఆఫీసర్‌ని అడిగిన. నా మీద పైకి కాయితం రాసిండు. ‘మా ఇంట్ల ఆ రోగం ఉంటదా, ఎంత ధైర్యం’ అని. మా సార్ పిలిచి, పెద్దోళ్ల జోలికి పోకు, సంతకం తీస్కో, జల్దీ వచ్చెయ్ అన్నడు.” నా వంక చూడకుండా అన్నాడు: “మూడు కాయితాలు నా దగ్గరున్నయ్ సార్. సంతకం ఎవరిది?”

నాదే. మూడుసార్లూ అందమైన సంతకం. చిటికెన వేలు కాగితం మీద ఆనించి, దాని దన్నుతో పెట్టిన సంతకం. చదవకుండా పెట్టాను. చదివినా పెట్టేవాణ్నే. అడవి పల్లెల జబ్బు కాంపౌండు గోడ దాటి రాదని నా నమ్మకం. నా కోపంలో ఒక వాటా ఇంటి యజమానికి కూడా వచ్చింది. అది దించుకోవడం అన్నిటికంటే కష్టం.

యాకూబ్ ఆ తర్వాత ఒక్క నెల కూడా తప్పలేదు. గోదావరి పొంగి రోడ్డు తెగినప్పుడు సైకిలు భుజానెత్తుకుని వచ్చాడు. అతనికి టీ ఇవ్వడం మాత్రం మానలేదు. ఈసారి చొక్కా విప్పి ఇచ్చేవాణ్ని.

ఆ మందులతో మొదటి రోజే మూత్రం ఎర్రబడింది. తర్వాత ఒళ్లు నల్లబడింది. రంగులన్నీ నా మీదే ప్రయోగించారు. ఇంట్లో నేను వేరే కంచం, వేరే గ్లాసు పెట్టుకున్నాను. మూడో రోజు లలిత ఆ కంచం లాక్కుంది.

“ఏందండీ ఇది? వేరు కుంపటి పెడుతున్నారా?”

“నీ కోసమే.”

“నా కోసం మీరు చేసిన పని ఒక్కటైనా సక్రమంగా ఉందా? కంబళి కోసినరు. కంచం కూడా కోయండి!” అని, నేను సగం తిన్న అన్నంలో పెరుగు పోసుకుని నా ఎదురుగానే తిన్నది. ఏడుస్తూ తిన్నది. నన్ను ఇంకెవరూ అంత కోపంగా ప్రేమించలేదు. వాళ్ల అన్నయ్య మాత్రం కూతురి పెళ్లికి లలితని రమ్మని, “బావగారికి ప్రయాణం కష్టమేమో” అని ఉత్తరం రాశాడు. లలిత జవాబు రాయలేదు, పెళ్లికీ వెళ్లలేదు. ఈ రోజుకీ ఆ గడప తొక్కలేదు.

1987.

విషయం క్లబ్బుకి తెలిసింది. ఎవరూ ఏమీ అనలేదు. నాగరికులు. ఒక సాయంత్రం వెళ్లేసరికి పియానో మూతకి చిన్న ఇత్తడి కొక్కెం బిగించి తాళం వేసి ఉంది. సంగీతానికి తాళం ముఖ్యమని క్లబ్బువాళ్లకు అలా తెలిసొచ్చింది. పైన అట్టముక్క: పియానో రిపేరులో ఉంది.

“రిపేరులో ఉన్నది నేనండీ,” అన్నాను సెక్రటరీగారితో.

“మీరలా అనుకోకండి. మెంబర్స్‌లో పిల్లలున్నవాళ్లున్నారు. జస్ట్ కొన్నాళ్లు.”

డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం చూపించాను, నా వల్ల ఎవరికీ ఏమీ రాదని. ఆయన దాన్ని చేత్తో పట్టుకోలేదు. బల్ల మీద ఉంచమని, వంగి చదివి, “వెరీ గుడ్” అన్నాడు. ఆ కొన్నాళ్లు ఏడాదిన్నర అయింది.

దవాఖానాలో వేలికి చెక్కపట్టీ కట్టారు. రోజుకి నాలుగుసార్లు నూనె రాసి చాచడం నేర్పారు. నేను డ్రాయింగ్ కాగితం మీద మెట్లు గీసి భోజనాల బల్లకి అంటించాను. నలుపూ తెలుపూ కొలత ప్రకారం. దాని మీద రాణి పాట వాయించేవాణ్ని. చప్పుడు లేదు, వేళ్లు చెక్క మీద పడే టకటక తప్ప. చిటికెన వేలు పడిందో లేదో దానికి తెలియదు, నాకూ తెలియదు. కాగితం పియానో మోగదు కదా, చెప్పడానికి. ముత్తమ్మ చెప్పినట్టు కళ్లతో వాయించాను. కన్ను ఆ వేలి మీద ఉంటే మిగతా తొమ్మిదీ దారి తప్పేవి. తొమ్మిదింటినీ చూస్తే అది ముడుచుకునేది. మధ్యలో ఒకసారి నరం వాచి, నెల రోజుల సాధన పోయి, వ్యవహారం మళ్లీ మొదటికొచ్చింది. ఆ నెల నేను ఇంట్లో అందర్నీ తిట్టాను. ఇంట్లో ఉన్నది లలిత ఒక్కతే.

1988 చివర.

మందులు ఆపేశారు. జబ్బు పోయిందన్నారు. వేలు సగం చాచుకుంది. స్పర్శ రాలేదు, ఇక రాదన్నారు.

చదివేవాళ్లకు ఒక్క మాట. దురద పెట్టని మచ్చ ఉంటే, కాలినా నొప్పి పుట్టకపోతే, మీది ఉక్కు శరీరమని సంబరపడకండి. చొక్కా విప్పి చూపించండి. అడిగే మనిషి మొహమాటపడితే మీరే విప్పండి. మర్యాద వల్ల పోయిన నరాలకు మందు లేదు.

ఆ చలికాలం క్లబ్బు వార్షికోత్సవం. సెక్రటరీగారే మా ఇంటికి వచ్చారు. తాళం తీయించామనీ, నేను పూర్తిగా కోలుకున్నందుకు అందరూ సంతోషిస్తున్నారనీ, “మీ ఓల్డ్ ఫేవరెట్” తప్పకుండా ఉండాలనీ అన్నారు. వెళ్లకూడదనుకున్నాను. లలిత ఇస్త్రీ చొక్కా తెచ్చి కుర్చీ మీద వేసింది.

“మీరు పోయేది వాళ్ల కోసం కాదు,” అంది.

కూర్చున్నాను. ఎడమ చెయ్యి నడిచింది. కుడి చేతి కింది వేళ్లు వాటి పని అవి చేశాయి. చిటికెన వేలు మొదటి స్వరం మీదికి వెళ్లింది, జారింది. రెండోది జారింది. తొమ్మిది వేళ్ల నడకను అది అందుకోలేకపోయింది. నేను ఆగలేదు. ఆ వేలిని పైకెత్తి పట్టుకుని మిగతాదంతా వాయించాను. దుఃఖం, తిట్లు, మళ్లీ దుఃఖం, చివరిదాకా. రాణి లేదు. ఆమె పక్కన నడవాల్సిన చుట్టాలు మాత్రం వచ్చి నడిచి వెళ్లారు.

హాలంతా చప్పట్లు. సెక్రటరీగారు లేచి నిలబడి, “ఎక్స్‌లెంట్! అచ్చం మునుపటిలాగే ఉంది!” అన్నారు.

రెండున్నరేళ్ల కోపం ఆ ఒక్క మాటకు నోటిదాకా వచ్చింది. కానీ నాకు తిట్లు సరిగా రావు, ఆ విషయంలోనూ నేను అమెచ్యూర్నే. “ఇంకా అయిపోలేదండీ,” అన్నాను.

ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాను. కుడి చేతిలో నాలుగు వేళ్లు మడిచాను. మిగిలిన ఆ ఒక్క వేలిని చూస్తూ, మొదటి స్వరం మీద పెట్టి నొక్కాను. పలికింది. రెండోది వెతికి నొక్కాను. మూడోది జారింది, వెనక్కి వెళ్లి మళ్లీ నొక్కాను. పాటొక్కటే, తోడు లేకుండా, ఒక్కొక్క స్వరం. వెనక కుర్చీలు కదిలాయి. ఎవరో దగ్గారు. భోజనాలు వడ్డిస్తున్న వాసన వచ్చింది, కొందరు లేచారు. మధ్య భాగం, అంటే రాణి తిట్లు, ఖాళీ అవుతున్న హాల్లో మెల్లగా, ఒక్కటీ వదలకుండా వినిపించాను.

సెక్రటరీగారు పక్కకొచ్చి వంగారు. “సార్, డిన్నర్... అందరూ వెయిటింగ్.”

“తినమనండి,” అన్నాను, కన్ను వేలి మీంచి తీయకుండా. మొదటి భాగం తిరిగి మొదలుపెట్టాను. ముందు వరసలో లలిత ఒక్కతే కూర్చుని ఉంది.